మంచిగున్న పిల్లకు మందెందుకు?

"పిల్ల మంచిగనే ఉంది గదా సారూ, ఇంకా ఆ నోట్ల కొట్టుకునే మందు ఎందుకు?"

ఈ ప్రశ్న నేను గద్వాలలో విన్నాను, వనపర్తిలో విన్నాను, నాగర్‌కర్నూలులోనూ విన్నాను. నా సర్కారు ఉద్యోగమంతా బదిలీలమీద ఈ మూడు ఊళ్ళ చుట్టూనే తిరిగింది. ఉబ్బసం ఉన్న పిల్లల తల్లులు ఎక్కడైనా ఈ మాటే అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. జ్వరం తగ్గితే మాత్రలు ఆపుతాము. పుండు మానితే కట్టు విప్పుతాము. ఆయాసం పోయి, పిల్లికూతలు పోయి, పిల్ల బడికి వెళ్ళి తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఉంటే, పొద్దునొకసారి రాత్రొకసారి మందు పీల్చడం దేనికి? న్యాయమైన ప్రశ్నే. చాలాకాలం దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. లేకపోవడం వల్ల ఏం జరిగిందో ముందు చెప్పి, ఆ తరువాత అసలు సంగతికి వస్తాను.

1998వ సంవత్సరం, అక్టోబరు నెల. కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఏడేళ్ళ పిల్లవాణ్ణి తాత వెంటబెట్టుకుని వచ్చాడు. తల్లిదండ్రులు పుణె వైపు రాళ్ళపనికి వలస పోయారు. అంతకు ఐదారు నెలల ముందు పిల్లవాడికి ఆయాసం ఎక్కువైతే కర్నూలు తీసుకుపోయారట. అక్కడి డాక్టరు బెక్లోమెథసోన్ అనే పీల్చే మందు రాసి, చెప్పేదాకా ఆపవద్దన్నాడు. ఆ డబ్బా అయిపోయింది. ఇంకొకటి కొనాలంటే తాతకు మూడు నాలుగు రోజుల కూలి. "మళ్ళ కొనాల్నా సారూ?" అన్నాడు.

నేను స్టెతస్కోపు పెట్టి ముందూ వెనుకా విన్నాను. ఊపిరి శుభ్రంగా ఉన్నది. పిల్లికూత ఒక్కటి లేదు. "అక్కరలేదులే పెద్దాయనా, ఆయాసం వస్తే తీసుకురా" అన్నాను. బీదవాడికి డబ్బు ఆదా చేసిపెట్టాననే అనుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. కల్లాలలో వేరుశనగ దుమ్ము లేచే రోజులు. అర్ధరాత్రి దాటిన తరువాత ట్రాక్టరు మీద తీసుకువచ్చారు. పిల్లవాడు పడుకోలేక, రెండు చేతులు మంచానికి ఆనించి ముందుకు వంగి కూర్చున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మెడ దగ్గర గుంట లోపలికి పోతున్నది. స్టెతస్కోపు పెట్టాను. అప్పుడూ పిల్లికూత లేదు! కాని ఆ నిశ్శబ్దం వేరు. కూత వినబడాలంటే సన్నని గొట్టంలో కొంచెమైనా గాలి కదలాలి. కదిలే గాలి కూడా లేనప్పుడు ఛాతీ మూగబోతుంది. చేతిలో ఉన్న ఇంజక్షన్లు ఇచ్చాను, ఆక్సిజన్ పెట్టాను. జీపు మాట్లాడి, నేనూ ఎక్కి కర్నూలు బయలుదేరాము. ఎర్రవల్లి చౌరస్తా దాటిన కాసేపటికి నా ఒళ్ళోనే పోయాడు. తాత నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నా చెవి నన్ను మోసం చేసిందా అంటే, లేదు. అక్టోబరులో నేను విన్నది నిజమే. పొరపాటల్లా స్టెతస్కోపుకు వినబడనిది లోపల లేదనుకోవడమే.

ఉబ్బసమంటే గొట్టాలు బిగుసుకుపోవడం అని మా పాతకాలం పాఠం. అది సగం మాట. గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకోవడం చివరి అంకం. దానికి ఎన్నో వారాల ముందునుంచి లోపలి పొరలో వాపు ఉంటుంది. పొర ఎర్రబడి, ఉబ్బి, జిగట ఊరుతూ ఉంటుంది. కళ్ళకలక వచ్చినప్పుడు కంటి లోపలి రెప్ప ఎట్లా ఉంటుందో ఊహించుకోండి, దాదాపు అట్లాగే. పైకి ఏమీ తెలియదు. నివురుగప్పిన నిప్పు అంటామే, సరిగ్గా అది. దుమ్మో, పొగో, జలుబో వచ్చి ఆ నివురును ఊదిన రోజు మంట లేస్తుంది.

ఆ వాపులో పనిచేసే కణాలలో ముఖ్యమైనవి ఇస్నోఫిల్స్. ఈ మాట మన ఇళ్ళకు కొత్తది కాదు. ఒకప్పుడు తుమ్మినా దగ్గినా "ఇస్నోఫీలియా" అని రక్తపరీక్ష కాగితాలు పట్టుకు తిరిగేవారు. ఇస్నోఫిల్‌కు పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్, 1879లో. ఇయోసిన్ అనే ఎర్రని రంగును పట్టుకుంటుంది గనుక ఆ పేరు. రక్తంలో దాన్ని లెక్కపెట్టడం సులువే. కాని మనకు కావలసింది రక్తంలో సంగతి కాదు, ఊపిరి గొట్టంలో సంగతి. దాన్ని చూడాలంటే గొంతులోనుంచి గొట్టం దింపి లోపలి పొర ముక్క తీయాలి. లేదా ఉప్పునీటి ఆవిరి పట్టించి, కళ్ళె తెప్పించి, సూక్ష్మదర్శినిలో చూడాలి. ఎనిమిదేళ్ళ పిల్లను కళ్ళె ఉమ్మమని చెప్పి చూడండి! మింగేస్తుంది. ఆడుకుంటున్న పిల్లకు గొంతులో గొట్టం దింపడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది, ఏ డాక్టరుకు మనసు వస్తుంది?

అందువల్ల పరిశోధకుల దృష్టి పిల్ల విడిచిపెట్టే గాలిమీదకు మళ్ళింది. సూది లేదు, రక్తం లేదు, నొప్పి లేదు.

ఆ గాలిలో వెతికింది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు కోసం. ఇది నవ్వించే వాయువు కాదు, అది నైట్రస్ ఆక్సైడ్. ఈ రెండింటికీ తికమక పడేవారు మా వైద్యులలో కూడా ఉన్నారు. నైట్రిక్ ఆక్సైడ్ మోటారు వాహనాల పొగలో ఉంటుంది, మెరుపు మెరిసినప్పుడు గాలిలో పుడుతుంది. అటువంటి వాయువును మన శరీరం తానే తయారుచేసుకుని, రక్తనాళాలకు కబురు పంపడానికి వాడుకుంటుందని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి ఇచ్చారు. గుండెనొప్పి ఉన్న పెద్దలు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర పనిచేసేది కూడా ఈ వాయువు ద్వారానే. ఆ బహుమతి ప్రకటించింది 1998 అక్టోబరులో. నేను ఆ పిల్లవాడి మందు ఆపించిన నెలలోనే.

అప్పటికే దారి పడి ఉన్నదని నాకు తరువాత తెలిసింది. మనిషి విడిచే ఊపిరిలో ఈ వాయువు ఉన్నట్టు 1991లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. ఉబ్బసం ఉన్నవారి ఊపిరిలో అది రెండు మూడు రెట్లు ఎక్కువ ఉన్నదని 1993లో అక్కడివారే చెప్పారు. కారణం ఇది: అలర్జీ వాపు రేగినప్పుడు గొట్టం లోపలి పొరలోని కణాలు ఈ వాయువును ఎక్కువగా తయారుచేస్తాయి. పొయ్యి కనబడకపోయినా పొగను బట్టి నిప్పు ఉన్నదని పోల్చుకున్నట్టు, ఈ వాయువును బట్టి వాపును పోల్చుకోవచ్చును.

పొగ అన్నాను గాని, ఉండేది ఎంత తక్కువో చూడండి. దీన్ని వందకోట్ల పాళ్ళ గాలిలో ఎన్ని పాళ్ళు అని కొలుస్తారు. వందకోట్ల బియ్యపు గింజలంటే సుమారు ఒక లారీ, లారీన్నర బియ్యం. అందులో ఇరవై రంగు గింజలు కలిపితే ఏరి లెక్కపెట్టడం ఎట్లాంటిదో, యంత్రం చేసే పని అట్లాంటిది. పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఆ లెక్క 20కి లోపు ఉంటే ఈ రకం వాపు ఉండే అవకాశం తక్కువ, 35 దాటితే ఎక్కువ, మధ్యలో ఉంటే ఆలోచించవలసి ఉంటుందని అమెరికన్ ఛాతీవైద్యుల సంఘం 2011లో సూచించింది. ఉబ్బసం లక్షణాలు చెబుతున్న ఐదేళ్ళు దాటిన పిల్లలకు లెక్క 35 గాని అంతకు మించి గాని ఉంటే, ఉబ్బసమని ఖాయం చేసుకోవచ్చునని బ్రిటన్‌లో 2024 చివర కొత్త మార్గదర్శకాలు వచ్చాయి.

ఇదంతా పుస్తకాలలో చదివి ఊరుకునేవాణ్ణే. ఈ పరీక్ష ఒక ఇంటి కథను ఎట్లా మార్చిందో కళ్ళారా చూశాను గనుక రాస్తున్నాను.

వనపర్తిలో ఉండగా తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె నా దగ్గరకు వచ్చేది. తండ్రికి చిన్న కిరాణా దుకాణం. ఏటా సర్ది పట్టే రోజులలో రెండు మూడుసార్లు ఆయాసం, రాత్రిపూట దగ్గు. పీల్చే మందు మొదలుపెడితే నెలలో కుదుటపడుతుంది. కుదుటపడగానే తల్లి ఆపేస్తుంది. మళ్ళీ నెబ్యులైజరు, మళ్ళీ ఇంజక్షను, మళ్ళీ బడి పోగొట్టుకోవడం. మృగశిర కార్తెనాడు హైదరాబాదు తీసుకుపోయి కొరమీను పిల్లతో మందు కూడా మింగించి వచ్చారు. నేనేమీ అనలేదు. వెళ్ళిరండి, కాని మీ మందు కూడా జేబులో పెట్టుకుపోండి అన్నాను, అంతే. చేప మింగినందుకు ఉబ్బసం నయమైందని నేను చూడలేదు. ఆ నమ్మకంలో అసలు మందు మానేసి మంచాన పడినవారిని మాత్రం చూశాను.

హైదరాబాదులో ఉన్న మేనమామ, ఒకసారి సెలవులకు వచ్చిన పిల్లను అక్కడి పిల్లల డాక్టరుకు చూపించాడు. ఆ రోజు పిల్లకు దగ్గు కూడా లేదు. అక్కడ ఈ ఊపిరి పరీక్ష చేశారు. పిల్ల నాకు చెప్పిన తీరు బాగున్నది. "చిన్న డబ్బా సారూ, గొట్టం ఉంటది. మొదలు లోపలికి గుంజాలె, మళ్ళ మెల్లగ ఊదాలె. గట్టిగ ఊదితె బొమ్మ పడిపోతది. మెల్లగ ఊదితె నిలబడ్తది." అంతే పరీక్ష. పిల్లల కోసం తెరమీద బొమ్మ పెట్టారు గాని, దాని వెనుక లెక్క ఉన్నది. సెకనుకు 50 మిల్లీలీటర్ల చొప్పున ఒకే తీరుగా, చిన్నపిల్లలు నాలుగు సెకన్లు, పెద్దపిల్లలు ఆరు నుంచి పది సెకన్లు ఊదాలి. కొంచెం అడ్డు ఉండేటట్టు ఊదిస్తారు గనుక అంగిలి వెనుకభాగం మూసుకుని, ముక్కులోని గాలి కలవదు. ముక్కులో ఈ వాయువు ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది, కలిస్తే లెక్క తప్పుతుంది. పరీక్షకు గంట ముందునుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. పాలకూర, బీట్‌రూటు వంటివి తిని వెళితే అంకె పెరిగిపోతుంది.

ఆ పిల్లకు 58 వచ్చింది. దగ్గు లేదు, కూత లేదు, పరుగెత్తి ఆడుతున్నది. అంకె 58. తండ్రి ఆ కాగితం నా బల్లమీద పెట్టి, "మంచిగున్నప్పుడు గిట్లెందుకున్నది సారూ?" అన్నాడు. ఏళ్ళ తరబడి నేను చెప్పిన మాట వినని మనిషి, రెండంకెల లెక్కను విన్నాడు. దుకాణదారు గదా, అంకెను నమ్ముతాడు! రెండు నెలలు క్రమంగా మందు వాడించాడు. మళ్ళీ పరీక్ష చేయిస్తే 23.

ఆ తరువాతి సంగతి ఇంకా చిత్రమైనది. ఆరు నెలలకు మూడోసారి ఊదిస్తే 49. మందు ఆపలేదని తండ్రి ఒట్టు పెట్టుకుంటున్నాడు. మందు మోతాదు పెంచాలా అని నేనూ తటపటాయించాను. అట్లా పెంచేముందు, పెద్దలను బయట కూర్చోబెట్టి పిల్లను ఒంటరిగా అడగడం నా అలవాటు. "అవ్వ డబ్బా దాచిపెట్టింది" అని మెల్లగా చెప్పింది. అవ్వను పిలిచి అడిగాను. ఆమె కోపగించుకోలేదు, కన్నీళ్ళు పెట్టుకున్నది. "ఆడపిల్ల సారూ. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు ఆ డబ్బా చూస్తున్నరు. దమ్ము రోగమని ఊరంత తెలిస్తె రేపు ఎవరు చేసుకుంటరు?"

తల్లి నిర్లక్ష్యమని, తండ్రి పిసినారితనమని ఇన్నాళ్ళు నేను అనుకున్నదాని వెనుక ఈ భయం ఉన్నది. ఆమెతో వాదించలేదు. "పెద్దమ్మా, డబ్బా చూసి వెనక్కిపోయే సంబంధం కంటే, పెళ్ళిపీటలమీద హోమం పొగకు ఆయాసపడే పిల్ల మంచిదా?" అన్నాను. కొంచెం మొరటు మాటే. పనిచేసింది. డబ్బా బీరువాలోకి చేరింది, పిల్ల రోజూ తలుపు వేసుకుని పీలుస్తున్నది. నాకు అభ్యంతరం లేదు.

ఇంత విని, ఈ పరీక్ష లేనిదే ఉబ్బసం వైద్యం జరగదని మీరనుకుంటే పొరపాటు. దీని లోట్లు దీనికున్నాయి. అలర్జీతో ముక్కు కారే పిల్లలకు ఉబ్బసం లేకపోయినా అంకె పెరగవచ్చు. ఇస్నోఫిల్స్‌తో సంబంధం లేని ఉబ్బసంలో అంకె మామూలుగా ఉండి, పిల్ల మాత్రం ఆయాసపడుతుంది. అంకె బాగున్నదని ఆ పిల్లను ఇంటికి పంపితే, నేను 1998లో చేసిన పనే యంత్రం చేత చేయించినట్టు. ఈ అంకెను బట్టి మందు సర్దితే ఆయాసం బారినపడే పిల్లల సంఖ్య తగ్గుతుందని, రోజువారీ దగ్గు ఆయాసాలలో మాత్రం తేడా ఉండదని 2016లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినవారు తేల్చారు. 2022లో బ్రిటన్‌లో 500 మందికి పైగా పిల్లలమీద జరిపిన పరిశోధనలో, లక్షణాలు చూసి మందు సర్దడానికి ఈ అంకెను జోడించినా ఆయాసాలు తగ్గలేదు. కాబట్టి ఇది తీర్పు చెప్పే జడ్జి కాదు, సాక్షి మాత్రమే. మా వనపర్తి పిల్ల ఇంట్లో సాక్షి అవసరం ఉండింది.

ఊపిరిని చల్లని గొట్టంలోకి ఊదించి, మంచు పట్టినట్టు పట్టిన నాలుగు చుక్కల నీటిలో పులుపు ఎంత, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎంత అని చూసే పద్ధతి కూడా ఉన్నది. అది ఇంకా పరిశోధనశాల దాటి రాలేదు. ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి.

నేను పనిచేసిన ఆసుపత్రులలో ఈ యంత్రం లేదు. దాని కోసం గద్వాల నుంచి, అచ్చంపేట నుంచి పిల్లను హైదరాబాదు మోసుకుపోనక్కరలేదు. మీ ఇంట్లో ఉండవలసింది పీక్ ఫ్లో మీటరు అనే ప్లాస్టిక్ గొట్టం. దీన్ని 1959లో బ్రిటన్‌లో రైట్ అనే ఆయన తయారుచేశాడు. తరువాత వచ్చిన చిన్న రకానికి కరెంటు అక్కరలేదు, ఎన్నో ఏళ్ళు పనిచేస్తుంది. పిల్ల నిలబడి, గుండెనిండా గాలి పీల్చి, ఒక్కసారి గట్టిగా ఊదాలి. మూడుసార్లు ఊదించి, ఎక్కువ వచ్చిన అంకె నోటుబుక్కులో రాయాలి. ఇది వాపును చూపించదు, గొట్టం ఇరుకును చూపిస్తుంది. అయినా చెవికి వినబడకముందే చూపిస్తుంది. పిల్ల బాగున్న రోజులలో వచ్చే అంకెలో అయిదింట నాలుగు వంతులకు దిగిందంటే డాక్టరు చెప్పిన జాగ్రత్తలు మొదలుపెట్టాలి. సగానికి దిగిందంటే వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.

మందు పీల్చడానికి స్పేసరు కొనలేనివారు అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలరు మూతి పట్టేటంత రంధ్రం చేసి వాడుకోవచ్చు. దక్షిణాఫ్రికాలో 1999లో పరీక్షించి చూశారు, కొన్న స్పేసరు మాదిరే పనిచేసింది. మందు పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఈ మందు ఏళ్ళ తరబడి వాడితే పిల్ల ఎత్తు తగ్గుతుందా అని అడుగుతారు. పెద్దయిన తరువాత సుమారు ఒక సెంటీమీటరు తేడా ఉండవచ్చు. దాచడం ఎందుకు, ఉన్నది. కాని ఆ సెంటీమీటరును ఒకవైపు పెట్టి, ఎర్రవల్లి దారిలో ఆ జీపును ఇంకొకవైపు పెట్టి తూచినవాణ్ణి నేను.

మందు ఎప్పటికీ ఆపకూడదా? ఆపవచ్చు. కనీసం మూడు నెలలు పగలూ రాత్రీ ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తే డాక్టరు మోతాదు కొంచెం కొంచెం తగ్గిస్తాడు. తగ్గించేది డాక్టరు, అవ్వ కాదు.

వనపర్తి పిల్ల ఇప్పుడు ఆరో తరగతి. కిందటి దసరా తరువాత నోటుబుక్కు తీసుకుని వచ్చింది. రోజూ 240, 235, 240 అని వరుసగా రాసి ఉన్నది. మధ్యలో తొమ్మిది రోజులు ఖాళీ. ఏమిటిదని అడిగాను. "పండుగకు ఇంటికి సున్నం ఏసిండ్రు సారూ. సామానంత అటుక మీద పెట్టిండ్రు. బుక్కు, గొట్టం, మందు అన్నీ ఆణ్ణే ఉండె."

ఖాళీ తరువాత మొదటి అంకె 185. స్టెతస్కోపు పెట్టి ముందూ వెనుకా విన్నాను. ఊపిరి శుభ్రంగా ఉన్నది, పిల్లికూత ఒక్కటి లేదు. "మంచిగనే ఉన్న గదా సారూ" అన్నది పిల్ల. చీటీమీద మందు రాసి, అటుక ఎక్కి డబ్బా దింపమని తండ్రిని అప్పుడే ఇంటికి పంపించాను.